నాలుగింటికల్లా బండ్లు ఖాళీ, ఐదింటికి పరుగు: ఫుకువోకా రాత్రుల వెనకున్న బేరం

జూలై 15 తెల్లవారుజాము నాలుగింటికల్లా జపాన్‌లోని ఫుకువోకా ఫుట్‌పాత్‌ల మీద తిండిబండి ఒక్కటి కూడా కనిపించకూడదు. ఆ ఒక్క రోజుకే కాదు, ఏడాది పొడవునా అదే గడువు. పొయ్యి ఆర్పి, నేల కడిగి, చెత్త మూటగట్టి, బండి మడిచి చక్రాల మీద తోసుకుపోవాల్సిందే. మిగతా రోజుల్లో ఆ తర్వాత ఊరు కాసేపు నిద్రపోతుంది. జూలై 15న మాత్రం చాలామంది పడుకోరు, ఆ రోజు యమకాసా పండగ పరుగు. 4 గంటల 59 నిమిషాలకు కుషిదా గుడి దగ్గర డప్పు మోగుతుంది. దాదాపు టన్ను బరువున్న కొయ్య వాహనాన్ని భుజాలకెత్తుకుని, గోచీలు బిగించిన మగవాళ్లు అరుచుకుంటూ పరుగందుకుంటారు. రాత్రంతా బండి దగ్గర తిని తాగినవాళ్లూ, పొద్దున్నే లేచి వచ్చిన ముసలివాళ్లూ ఒకే వరసలో నిలబడి చూస్తారు.

పండగ రాత్రి, వీధి తిండి అనగానే మనకు తోచేది కట్టుబాట్లు కాస్త సడలే వేళ. ఫుకువోకా రాత్రి కూడా పైకి అలాగే వదులుగా కనిపిస్తుంది. లోపల అన్నీ ముడులే. ఏ బండి ఎక్కడుండాలి, ఎంత వెడల్పుండాలి, ఏం వండొచ్చు, ఒకరి తర్వాత ఎవరు నడపాలి అన్నదంతా కాగితం మీద ఉంటుంది. పండగా అంతే: వాహనం ఎత్తు ఎంత, ఒంటిమీద ఏం వేసుకోవాలి, ఏ నిమిషానికి కదలాలి. ఈ నియమాల్లో చాలావరకు పైనుంచి ఊడిపడ్డవి కావు. నూటయాభై ఏళ్లుగా సర్కారు ఆపేయమన్నప్పుడల్లా ఊరివాళ్లు బేరమాడారు. ఏదో ఒకటి వదులుకుని మిగతాది నిలబెట్టుకున్నారు. ఇవాళ మనం వెళ్లి చూసే రాత్రి ఆ బేరాలన్నీ పోగా మిగిలినది.

ఒక ఊరు, రెండు పేర్లు

ఫుకువోకా క్యూషూ దీవికి ఉత్తరపు ఒడ్డున ఉంటుంది. ఎదురుగా సముద్రం దాటితే కొరియాలోని బుసాన్, రెండు వందల కిలోమీటర్ల దూరం. టోక్యో అంతకు నాలుగైదు రెట్లు దూరం. అందుకే ఈ రేవు తిండి, మాట, వ్యాపారం మొదటినుంచీ రాజధాని వైపు కంటే సముద్రం వైపే ఎక్కువ చూశాయి. 1274లో, 1281లో మంగోలు సేనలు దిగింది కూడా ఈ అఖాతంలోనే.

ఊరి మధ్యనుంచి నకా నది పోతుంది. తూర్పు ఒడ్డున హకాతా, పాతకాలపు వర్తకుల పట్నం. పడమటి ఒడ్డున ఫుకువోకా, పదిహేడో శతాబ్దం మొదట్లో కురోదా వంశం కోట కట్టి వెలయించిన సమురాయి యోధుల పట్నం. 1889లో రెండూ కలిపి నగరం చేసినప్పుడు దానికి ఫుకువోకా అని పేరు పెట్టి, అదే ఏడు వచ్చిన రైలు స్టేషన్‌కు హకాతా అని పెట్టారు. ఇదీ ఒక బేరమే. మరుసటేడు నగరం పేరునే హకాతాగా మార్చాలని సభలో తీర్మానం పెడితే ఓట్లు సరిసమానమయ్యాయి. అధ్యక్షుడి ఓటుతో ఫుకువోకా నిలిచింది. ఆ చిక్కు ఇప్పటికీ ప్రయాణికుల మెడకు చుట్టుకుంటూనే ఉంది. విమానం టికెట్ మీద ఫుకువోకా అని ఉంటుంది, బుల్లెట్ రైలు టికెట్ మీద హకాతా అని ఉంటుంది. దిగేది ఒకే ఊళ్లో.

పండగలు హకాతావి. కోట వైపు వాళ్లవి కావు. ఈ సంగతి గుర్తుంటే మిగతావి తేలిగ్గా అర్థమవుతాయి.

అన్నం పెట్టే పీట మీద మొదలైన పండగ

హకాతా గియోన్ యమకాసా మొదలైన కథ 1241కి పోతుంది. ఊళ్లో మహమ్మారి ప్రబలినప్పుడు, చైనా నుంచి అప్పుడే చదువుకుని వచ్చిన షోయిచీ కొకుషి అనే జెన్ సన్యాసిని జనం ఒక కొయ్య పీట మీద కూర్చోబెట్టి మోశారట. ఆకలిగొన్న ప్రేతాలకు అన్నం పెట్టే పీట అది. దానిమీద కూర్చుని ఆయన వీధివీధినా మంత్రించిన నీళ్లు చల్లుతూ పోయారని చెబుతారు. అదే సన్యాసి స్థాపించిన జోతెన్‌జి మఠంలో 'ఉదోన్, సోబా పుట్టినచోటు' అని చెక్కిన రాయి కూడా ఉంది. పిండి విసిరే విద్యను ఆయనే చైనా నుంచి తెచ్చాడని హకాతావాళ్ల నమ్మకం. ఊళ్లోని పండగా, నూడుల్సూ ఒకే మనిషి ఖాతాలో పడటం చిత్రమే. ఇవాళ్టికీ షింతో (జపాన్ సొంత మతం) గుడి పండగ వాహనాలు పరుగు మధ్యలో ఆ బౌద్ధ మఠం ముందు ఒక చుట్టు తిరిగి మరీ వెళ్తాయి.

మొదట్లో అది ఊరేగింపే గానీ పందెం కాదు. 1687లో ఒక పేట వాహనాన్ని ఇంకో పేట వాళ్లు దారిలో దాటేశారు. అక్కడినుంచి రోషం పెరిగి పరుగుగా మారింది. ఇప్పుడు ఏడు జట్లున్నాయి. వాటిని 'నగరే' అంటారు. ఊరిని పేటలుగా విడగొట్టింది 1587లో అప్పటి జపాన్ ఏలిక తోయోతోమి హిదెయోషి. నేటి జట్లు ఆ విభజన నుంచి దిగివచ్చినవే.

ఇక బేరాల సంగతి. పాత రోజుల్లో వాహనాలు పదిహేను మీటర్ల పైచిలుకు ఎత్తుండేవి. కాగితం బొమ్మలు, కోటలు, జలపాతాలతో అలంకరించి ఆ ఎత్తుతోనే మోసేవాళ్లు. చక్రవర్తి పేరిట కొత్తగా మేజీ ప్రభుత్వం వచ్చాక ఇలాంటివి నాగరికతకు తగవని 1872లో ఆపించింది. పదేళ్లకు పైగా పండగ నడవలేదు. తిరిగి మొదలైన కొన్నాళ్లకు ఊళ్లోకి కరెంటు తీగలు వచ్చాయి. వాహనాలు తగిలి తీగలు తెగేవి. దానికి తోడు, ఒంటిమీద గోచీ తప్ప ఏమీ లేకుండా వీధుల్లో పరుగెత్తడం సిగ్గుచేటని 1898లో గవర్నరే పండగ మానిపించాలని ప్రతిపాదించాడు. పత్రికలో గట్టిగా ఎదురు వాదనలొచ్చాయి. చివరికి రాజీ కుదిరింది: మోసే వాహనం ఎత్తు తగ్గించాలి, పైన పొట్టి చొక్కా వేసుకోవాలి. ఇప్పుడు ఫొటోల్లో 'సంప్రదాయ దుస్తులు' అనుకునే ఆ హప్పీ చొక్కా ఆ రాజీలో వచ్చిందే. 1910లో ట్రాము పట్టాలు, తీగలు పడ్డాక వాహనం రెండుగా చీలిపోయింది. పది మీటర్ల పైన ఎత్తున్న అలంకార వాహనాలు కూడళ్లలో కదలకుండా నిలబడతాయి. పొట్టివి పరుగుకు.

కోటప్పకొండ తిరునాళ్లకు ఎత్తయిన ప్రభలు కదిలే దారిలో కరెంటు తీగలు ఎంత తలనొప్పో పల్నాడు వాళ్లకు చెప్పక్కర్లేదు. అక్కడ ప్రభ కోసం తీగ దిగుతుంది. హకాతాలో తీగ కోసం వాహనం దిగింది. ఏది మేలో తేల్చడం నా వల్ల కాదు గానీ, రెండు చోట్లా జనం పండగను మాత్రం వదులుకోలేదు.

జూలై 1న అలంకార వాహనాలు వెలుస్తాయి. మోసేవి 10 నుంచి కదులుతాయి. 12న పూర్తి పరుగుకు రిహార్సల్. 13న జట్లన్నీ నది దాటి ఫుకువోకా వైపు వెళ్లి తమ వాహనాలు చూపించి వస్తాయి. ఇది పాతది కాదు, 1962లో మొదలెట్టారు. 15 తెల్లవారుజామున అసలు పరుగు, 'ఒయియమా'.

ఆ పరుగును దగ్గరగా చూస్తే కళ్లు చెదురుతాయి. వాహనం కింద ఆరు మోత కర్రలు. ఒకసారికి పాతిక మంది పైగా భుజం పెడతారు. పైన కూర్చున్నవాళ్లు ఎర్ర కర్ర ఊపుతూ ఎవరు తప్పుకోవాలో, ఎవరు రావాలో చెబుతారు. వాహనం ఆగదు. కర్ర కింద భుజం ఖాళీ అయ్యేలోపు పక్కన పరుగెత్తుతున్నవాడు దూరిపోతాడు. వెనకనుంచి ఇంకొందరు తోస్తారు. 'ఒయ్‌సా, ఒయ్‌సా' తప్ప ఇంకో మాట వినిపించదు. దారి పొడవునా ఇళ్లవాళ్లు, దుకాణాలవాళ్లు తొట్టెల్లో, బకెట్లలో నీళ్లు సిద్ధంగా పెట్టుకుని మోసేవాళ్ల మీద కుమ్మరిస్తారు. సన్యాసి చల్లిన నీళ్లకు అది వారసత్వం. జూలై ఉక్కపోతలో అంత బరువు మోసేవాడికి అది వైద్యం కూడా. ముందు వరసలో నిలబడితే మీరూ తడుస్తారు, ఫోన్ జాగ్రత్త.

మొదటి జట్టు కుషిదా గుడి ఆవరణలోకి దూసుకొచ్చి, జెండా కర్ర చుట్టూ తిరిగి, ఒక్క నిమిషం ఆగి 'ఇవాయి మెదెతా' అనే మంగళగీతం పాడుతుంది. ఆ గౌరవం మొదటి వాళ్లకే. బయల్దేరే సమయం 5 గంటలు కాకుండా 4:59 కావడానికి కారణం ఆ పాటకు పట్టే నిమిషమే. తర్వాతి జట్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి, పాడకుండా గుడి చుట్టి బయటపడతాయి. మొత్తం దారి దాదాపు అయిదు కిలోమీటర్లు, ఒక్కో జట్టు అరగంట అటూ ఇటూగా ముగిస్తుంది. గడియారం పట్టి సెకన్లతో సహా ప్రకటిస్తారు గానీ బహుమతి లేదు. గెలిచినవాడికి దక్కేది పక్క పేట ముందు మీసం మెలేసే హక్కు.

ఇంకో తమాషా. పండగ రోజుల్లో జట్ల వాళ్లు కీరదోసకాయ ముట్టరు. అడ్డంగా కోసిన ముక్క కుషిదా గుడిలోని గియోన్ దేవుడి ముద్రలా ఉంటుందని. వేసవిలో కీరదోస లేకుండా గడపడమంటే జపాన్‌వాళ్లకు చిన్న త్యాగం కాదు.

ఆడవాళ్ల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. చిన్నపిల్లలుగా ఉన్నంతకాలం అమ్మాయిలు కూడా పరుగెత్తుతారు, పెద్దయ్యాక మోయడానికి లేదు. ఎత్తు తగ్గించుకుని, చొక్కా తొడుక్కుని, ట్రాముకు దారిచ్చిన పండగ ఈ ఒక్కచోట ఎందుకు బిగుసుకుందో నాకు అంతుపట్టదు. కోవిడ్ వచ్చినప్పుడు 2020, 2021 పరుగులు ఆగాయి. 2022లో మళ్లీ మొదలైంది. మహమ్మారిని తరమడానికి పుట్టిన పండగను మహమ్మారే రెండేళ్లు ఆపిందన్నమాట.

కాలిపోయిన నేల మీద పుట్టిన బండ్లు

ఇప్పుడు తిండిబండ్లు. వీటిని 'యతాయ్' అంటారు. 1945 జూన్ 19 రాత్రి అమెరికా విమానాల బాంబులకు నగరం నడిబొడ్డు బూడిదైంది. రెండు నెలలకు యుద్ధం ముగిసింది. కొరియా, మంచూరియా, చైనాల్లో ఉన్న జపాన్‌వాళ్లు ఓడలెక్కి తిరిగొచ్చారు. ఒక్క హకాతా రేవులోనే దాదాపు 13 లక్షల 90 వేల మంది దిగారు. ఇల్లు లేదు, కొలువు లేదు. చక్రాల బండి, పొయ్యి ఉంటే పొట్ట గడుస్తుంది. అక్కడి రుచులను నాలుక మీద పెట్టుకుని వచ్చినవాళ్లు ఇక్కడ వాటిని వండటం మొదలెట్టారు. బుసాన్‌లో పుట్టి పెరిగిన కవహారా తోషియో అనే ఆయన ఊళ్లోని నకాసు పేటలో చిన్న దుకాణం తెరిచి, 1949 జనవరిలో కారం పట్టించిన చేపగుడ్లు అమ్మకానికి పెట్టాడు. అదే 'మెంతాయికో'. తయారీ తనదేనని హక్కు కట్టుకోకుండా అడిగినవాళ్లకు నేర్పాడు. ఊరికంతటికీ అది గుర్తయి కూర్చుంది.

బండ్ల మీద మొదటి దెబ్బ యుద్ధం గెలిచిన ఆక్రమణ సేనల కాలంలోనే పడింది. దేశమంతటా వీధి దుకాణాలు తీసేయమన్నారు. ఆరోగ్యశాఖ కూడా రోడ్డు మీద వంటకు ఒప్పుకోలేదు. చాలా నగరాల్లో బండ్లు అలాగే మాయమైపోయాయి. ఫుకువోకా బండివాళ్లు సంఘం కట్టి, అధికారుల చుట్టూ తిరిగి, 1950లలో షరతులతో అనుమతి తెచ్చుకున్నారు. బండ్లు పెరిగి ఒక దశలో నాలుగు వందలు దాటాయి.

అసలు గండం తర్వాత వచ్చింది, అదీ నెమ్మదిగా. ఊరు బాగుపడ్డాక బండ్ల మీద ఫిర్యాదులు పెరిగాయి. ఫుట్‌పాత్ మూసేస్తున్నారు, మురుగు కాలవలోకి వంపుతున్నారు, రాత్రంతా గోల, తాగినవాళ్లు గోడల పక్కన నిలబడుతున్నారు. ఈ ఫిర్యాదులు అబద్ధాలు కావు. అందుకే 1990ల మధ్యలో పోలీసులు ఒక సూత్రం తెచ్చారు: అనుమతి ప్రస్తుత యజమాని తరానికే. అతని తర్వాత భార్యో, భర్తో, కన్నబిడ్డలో నడపొచ్చు, బయటివాళ్లకు ఇవ్వడానికి వీల్లేదు. వింటే కుటుంబాలను కాపాడే నియమంలా ఉంది కదా! తండ్రి రాత్రంతా రోడ్డు మీద నిలబడి చదివించిన కొడుకు మళ్లీ ఆ బండి పట్టుకోడు. కాబట్టి నిషేధం అన్న మాట ఎత్తకుండానే బండ్లు ఒక్కొక్కటే ఆరిపోతాయి. అలాగే ఆరిపోయాయి కూడా.

మన దేశంలో 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టంలోనూ ఇంచుమించు ఇదే వాక్యం ఉంటుంది. వ్యాపారి చనిపోతే, మంచాన పడితే, భార్య లేదా భర్త, లేకపోతే ఆధారపడ్డ బిడ్డ ఆ అనుమతి గడువు తీరేదాకా నడుపుకోవచ్చు. మన దగ్గర అది ఇంటికి అండ. అక్కడ అదే మాట మెల్లగా బిగిసే ఉరి అయింది. ఎందుకంటే ఫుకువోకాలో కొత్త అనుమతులకు దారి మూసేసి ఆ వాక్యం ఒక్కటే మిగిల్చారు. కాగితం మీద నియమం చదివి మంచిదో చెడ్డదో చెప్పబోయేముందు, పక్కన ఏ తలుపు మూసి ఉందో చూడాలి.

ఇంకో చిక్కు కూడా పుట్టింది. అనుమతి ఒకరి పేరు మీద, గరిటె పట్టేది ఇంకొకరు. పేరు అరువిచ్చే ఈ పద్ధతిలో ఏళ్ల తరబడి నిజంగా కష్టపడి పేరు తెచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. 2010లో తకాషిమా సోయిచిరో మేయర్‌గా వచ్చాక బండ్లను నిలబెట్టాలన్న వైపు గాలి మళ్లింది. 2013లో నగరం 'యతాయ్ మౌలిక నిబంధన' చేసింది. జపాన్‌లో బండ్ల కోసమే చేసిన మొదటి నిబంధన అది. అందులో బేరం సూటిగా ఉంది. నగరం తన ఫుట్‌పాత్‌ను రాత్రిపూట ఇస్తుంది. బదులుగా బండి కొలత దాటకూడదు, వేళ దాటకూడదు, ధరలు పైకి కనిపించేలా రాసిపెట్టాలి, అనుమతి ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే నడపాలి. అరువు పేర్ల బండ్లకు గడువు పెట్టి తీయించేశారు. దాంతో పాత చేతులు కొన్ని పోయాయి. ఆ బాధ నిజం. అయితే మూసిన తలుపు కూడా తెరుచుకుంది. 2016లో మొదటిసారి బహిరంగంగా దరఖాస్తులు పిలిచి, పరీక్షించి, కొత్తవాళ్లకు చోట్లిచ్చారు. మరుసటేడు ఆ కొత్త బండ్లు వచ్చాయి. ఫ్రెంచి వంట చేసే ఫ్రెంచివాడి బండి కూడా అందులో ఉంది. చేపల మార్కెట్ పక్కన దాదాపు ఖాళీ అయిపోయిన నగహామా వీధి కూడా 2023లో కొత్త బండ్లతో కళకళలాడింది. ఇప్పుడు ఊళ్లో మొత్తం వంద బండ్ల దాకా ఉన్నాయి.

ఒక్క బండికి ఎన్ని కాగితాలో చూడండి. రోడ్డు మీద చోటు ఆక్రమించడానికి నగరం అనుమతి, అదే పార్కయితే పార్కు శాఖది. రోడ్డును వ్యాపారానికి వాడుకోవడానికి పోలీసు అనుమతి. వండి వడ్డించడానికి ఆరోగ్య కేంద్రం అనుమతి. ఒకటి పోతే మిగతావి ఉన్నా లాభం లేదు. పొడవు మూడు మీటర్లు, వెడల్పు రెండున్నర. అందులోనే పొయ్యి, గిన్నెలు, యజమాని, ఎనిమిది తొమ్మిది మంది తినేవాళ్లు. పగలు మడిచిన బండి ఎక్కడో పార్కింగు స్థలంలో ఉంటుంది. సాయంత్రం అయిదు దాటాక తెచ్చి నిలబెట్టి, కప్పు విప్పి, బల్ల బిగించి, నీళ్లు, గ్యాస్ కలిపి, లాంతరు వెలిగిస్తారు. తెల్లవారుజామున అదంతా వెనక్కి. దీన్ని ప్రతి రాత్రీ చేసేవాడు అలసిపోకుండా నవ్వుతాడనుకోకండి. కొందరు విసుక్కుంటారు, అదీ న్యాయమే.

కాగితం రాసిన మెనూ

బండి దగ్గర కూర్చుని పలక చదివితే ఒకటి అర్థమవుతుంది: పచ్చివి ఉండవు. సముద్రం పక్కనే ఉన్న ఊళ్లో, చేపల మార్కెట్ కూతవేటులో ఉన్న బండి మీద సషిమి (పచ్చిచేప ముక్కలు) ఎందుకు లేదంటే, వడ్డించేముందు వేడి చేసినదే ఇవ్వాలన్నది ఆరోగ్య నియమం. అందుకే మెంతాయికోను గుడ్డు అట్టులో చుట్టి కాలుస్తారు. పుల్లలకు గుచ్చి బొగ్గు మీద కాల్చినవి, పులుసులో ఉడుకుతూ ఉండే ఓదెన్, పెనం మీద గ్యోజా కుడుములు, పిండిలో ముంచి నూనెలో వేయించే తెంపూరా, చివర పులుసు నూడుల్స్ రామెన్. అన్నిటికీ మంట కావాలి. ఈ బండ్ల రుచికి సగం కారణం ఆ నిషేధమేనంటాను. చల్లటి పళ్లెం లేదు కాబట్టి వంటవాడు ప్రతిదీ మీ కళ్లముందే చెయ్యాలి, మీరు చూస్తూ కూర్చోవాలి, చూస్తూ పక్కవాడితో మాట కలపాలి.

పంది ఎముకలు గంటలకొద్దీ మరిగించిన పులుసుతో చేసే తొన్‌కొత్సు రామెన్ ఇక్కడిదే అనుకుంటారు. నిజానికి అది 1937లో దక్షిణాన ఉన్న కురుమే ఊళ్లో ఒక బండి మీద పుట్టింది. నగహామా చేసిన పని వేరు. వేకువజామున చేపల వేలంపాటకు పరుగెత్తే కూలీలకు, వ్యాపారులకు నిలబడి తినేంత సమయమే ఉండేది. నూడుల్స్ సన్నగా చేస్తే క్షణాల్లో ఉడుకుతాయి. సన్నవి పులుసులో త్వరగా నాని మెత్తబడతాయి కాబట్టి ఒక్కసారే ఎక్కువ వెయ్యకూడదు. అందుకని కొంచెం పెట్టి, కావాలంటే నూడుల్స్ మాత్రం మళ్లీ వేసే పద్ధతి పెట్టారు. అదే 'కాయెదమ'. గిన్నెలో పులుసు మిగుల్చుకుని ఆ ఒక్క మాట అంటే చాలు, ఉడికిన కొత్త ముద్ద గిన్నెలో పడుతుంది. గట్టిగా కావాలంటే 'బరికత' అనండి. ఇప్పుడు ప్రపంచమంతా రామెన్ కొట్లలో కనిపించే ఈ పద్ధతి చేపల మార్కెట్ తొందరలోంచి వచ్చింది.

ఆఫీసుల పేట తెంజిన్‌లో ఒక పాత బండి పుట్టించిన యాకిరామెన్ ఇంకో తమాషా: రామెన్ నూడుల్స్‌ను పులుసుతో, సాస్‌తో పెనం మీదే ఇగరబెడతారు. నకాసులో నది ఒడ్డు బండ్లు ఫొటోలకు బాగుంటాయి. దీపాలు నీళ్లలో పడి మెరుస్తాయి. రద్దీ, ధర రెండూ అక్కడే ఎక్కువ. నన్నడిగితే ఆఫీసులు వదిలిన జనం కూర్చునే తెంజిన్ వైపు మేలు. యజమానిని అందరూ 'తైషో' అని పిలుస్తారు, మీరూ పిలవొచ్చు.

మన శాకాహారులకు ఒక మాట దాచకుండా చెప్పాలి: ఈ బండ్లు మీకోసం కట్టినవి కావు. రామెన్ పులుసు పంది ఎముకలది, ఓదెన్ పులుసు ఎండుచేపది. ఓదెన్‌లో ముల్లంగి ముక్క చూసి ఇది కూరగాయే కదా అనుకుంటే, అది సాయంత్రం నుంచి ఆ చేపపులుసులోనే నానుతోంది. ఉడికించిన పచ్చి సోయా కాయలు, కాల్చిన మిరపకాయలు, పుట్టగొడుగులు దొరికితే దొరుకుతాయి. గొడ్డు, పంది మాంసాలు తిననివాళ్లు కోడి పుల్లలు అడగొచ్చు, అయితే పక్కనే పంది కాలుతుంటుంది, పెనం ఒక్కటే. అన్నీ తినేవాళ్లకు మాత్రం ఏ లోటూ లేదు.

పండగ దుకాణం వేరు

చాలామంది కలగాపులగం చేసేది ఇక్కడే. గుడి పండగలో వెలిసే తాత్కాలిక దుకాణాలకూ, రోజూ రాత్రి నిలబడే యతాయ్‌కూ సంబంధం లేదు. మొదటి రకం చూడాలంటే సెప్టెంబరు 12 నుంచి 18 వరకు హకోజాకి గుడిలో జరిగే హోజోయాకు వెళ్లాలి. ప్రాణులను విడిచిపెట్టే పుణ్యకార్యం పేరుతో జరిగే జాతర అది. మే 3, 4 తేదీల్లో జరిగే దొంతాకు, జూలైలో యమకాసా, సెప్టెంబరులో హోజోయా కలిపి హకాతా మూడు పెద్ద పండగలంటారు. హోజోయాలో గుడి దారి పొడవునా వందల దుకాణాలు. వేయించిన నూడుల్స్ యాకిసోబా, ఆక్టోపస్ ముక్క పెట్టిన ఉండలు తకోయాకి, కాల్చిన కణవాయి (స్క్విడ్), పాకం పూసిన ఆపిల్, గోలీలాటలు, దయ్యాల కొంప. ఆకులతో సహా అమ్మే కొత్త అల్లం, ఊదితే టిక్కుమనే పలచటి గాజు బొమ్మ 'చంపోన్' ఇక్కడి ప్రత్యేకాలు.

ఈ దుకాణదారులు ఊరూరా పండగల వెంట తిరిగే సంచార వ్యాపారులు. చోట్ల పంపకం వాళ్ల సంఘాల చేతిలో ఉండేది, వాటిలో కొన్నిటికి గూండా ముఠాలతో పాత లంకెలున్నాయి. 2010లో ఫుకువోకా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం) ముఠాలను దూరం పెట్టే నిబంధన తెచ్చింది, 2011 చివరికల్లా దేశమంతటా అలాంటివి వచ్చాయి. 2013 ఆగస్టు 15న క్యోతో ప్రిఫెక్చర్‌లోని ఫుకుచియామా బాణసంచా పండగలో ఒక దుకాణం దగ్గర పెట్రోలు పేలి ముగ్గురు చనిపోయాక, పండగ దుకాణంలో పొయ్యి వెలిగిస్తే మంటలార్పే సిలిండరు పక్కన ఉండి తీరాలన్నారు. తినేవాడి కంటికి ఆనని కట్టుబాట్లు ఇవి.

జూలైలో మాత్రం యమకాసా చుట్టూ అంత జాతర ఉండదు. ఆ రోజుల్లో వీధి పరుగుకు కావాలి. అందుకే యమకాసాకు వచ్చేవాళ్ల తిండి భారం రాత్రి బండ్ల మీద, చుట్టుపక్కల దుకాణాల మీద పడుతుంది.

వెళ్లేవాళ్లకు

ఇద్దరు, మహా అయితే ముగ్గురుగా వెళ్లండి. ఎనిమిది మంది పట్టే బండికి ఆరుగురు వెళ్లి నిలబడితే అందరికీ ఇబ్బంది. సూట్‌కేసు తీసుకెళ్లొద్దు, పెట్టడానికి అరడుగు కూడా ఉండదు. మనిషికి ఒక పానీయం, ఒకటో రెండో తిండి అడగడం మర్యాద. తినేశాక సెల్‌ఫోన్ చూసుకుంటూ కూర్చోకుండా లేచి ఇంకో బండికి వెళ్లడం ఇక్కడి అలవాటు. బయటి సీసాలు తెచ్చుకోకూడదు. బండికి మరుగుదొడ్డి ఉండదు, ముందే పబ్లిక్ టాయిలెట్ ఎక్కడుందో చూసిపెట్టుకోండి. ఒకప్పటి ఫిర్యాదుల్లో పెద్దది అదేనని మరవొద్దు. నగదు ఉంచుకోండి. వాన గట్టిగా పడినా, తుపాను హెచ్చరిక ఉన్నా బండ్లు రావు, జూలై మొదటి సగం వానల కాలమే. నకాసు లోపలి సందుల్లో చెయ్యి పట్టి లోపలికి పిలిచే దళారులుంటారు. బండ్ల మీద ధర పైకి కనిపిస్తుంది, ఆ బార్లలో కనిపించదు, తేడా అక్కడే తెలిసిపోతుంది.

జూలై 14 రాత్రి ఒయియమా కోసం మెలకువగా ఉండాలనుకుంటే సబ్‌వే అర్ధరాత్రి దాటాక ఉండదని లెక్కేసుకోండి. కుషిదా గుడి లోపలి కూర్చునే చోట్ల టికెట్లు నిమిషాల్లో అయిపోతాయి, వాటి మీద ఆశ పెట్టుకోకండి. గుడికి కొంచెం దూరంగా, దారి మలుపు తిరిగే చోట నిలబడితే వాహనం వంగి తిరగడం, బయటివైపు భుజాలు బరువుకు కుంగడం ఇంకా బాగా కనిపిస్తాయి. చివరి వాహనం దాటాక అంతా అయిపోతుంది. ఆ పూటే అలంకార వాహనాలను కూడా విప్పేయడం మొదలెడతారు, కాబట్టి వాటిని చూడాలంటే ముందురోజే చూసేయాలి. కుషిదా గుడిలోని ఒక్కటి మాత్రం దాదాపు ఏడాదంతా నిలబడి ఉంటుంది.